కింది దవడలో ఇంప్లాంట్లు వేయించిన తరువాత వాపు, పథ్యం, తిమ్మిరి: మా అమ్మ విషయంలో సలహా కావాలి

ప్రశ్న: కావలి పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై రెండేళ్ళు. చాలాకాలంగా షుగరు ఉన్నది, ఉదయం, సాయంత్రం మాత్రలు వేసుకుంటుంది. కింది దవడలో ఎడమ వైపు దవడపళ్ళు రెండు ఎప్పుడో పోయాయి. ఇన్నాళ్ళూ కుడి వైపే నములుతూ నెట్టుకొచ్చింది. మొన్న నెల్లూరులోని ఒక దంతవైద్యశాలలో ఆ ఖాళీలో రెండు ఇంప్లాంట్లు (పోయిన పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో బిగించే టైటానియం మరలు) వేయించి, ఆ సాయంత్రమే ఇంటికి తీసుకువచ్చాము. జాగ్రత్తలు రాసి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉన్నది, అందులోనూ సగం మందుల పేర్లే.

ఈ రోజు మూడో రోజు. నొప్పి మాత్రలతో అదుపులోనే ఉన్నది కానీ, బుగ్గ మాత్రం మొదటిరోజు కంటే ఇప్పుడే ఎక్కువగా వాచి, దవడ కింద నీలం రంగు తేలింది. ఉమ్మిలో అప్పుడప్పుడు ఎర్రటి చార కనబడుతున్నది. ఇది మామూలేనా?

రెండవది పథ్యం. ఎనభై దాటిన మా అవ్వ, పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేప, వంకాయ, గోంగూర ముట్టుకోకూడదని, పెరుగు పోస్తే గాయానికి నెమ్ము చేరుతుందని గట్టిగా చెప్పడంతో, అమ్మ మూడు పూటలా గంజి, బియ్యపు జావ తప్ప ఏమీ తీసుకోవడం లేదు. ఇంట్లో మిషనుతో చూస్తే, రోజూ 150 దగ్గర ఉండే షుగరు ఈ ఉదయం 260 చూపించింది. భోజనం తరువాత ఆకు, వక్క వేసుకునే అలవాటు కూడా ఉన్నది కనుక, అది మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చునో అడగమన్నది.

ఇంకొక చిన్న విషయం. కింది పెదవి ఎడమ సగం, గడ్డం ఆ పక్క ఇంకా మొద్దుబారినట్టే ఉన్నాయని అంటున్నది. మత్తు ఇంజెక్షను ప్రభావం పూర్తిగా దిగలేదేమోనని అనుకుంటున్నాము. కుట్లు విప్పడానికి వచ్చే వారం రమ్మన్నారు, అప్పుడు ఈ సంగతి చెబితే సరిపోతుందా?

సమాధానం: కనిగిరి కోడలు

మీ అవ్వగారి మాటలు చదువుతుంటే మా ఇంటి వసారాలో కూర్చుని విన్నట్టే ఉన్నది. మా అత్తగారికి ఇంప్లాంట్లు వేసినప్పుడు పలకరించడానికి వచ్చిన ప్రతివారూ తలా ఒక పదార్థాన్ని పథ్యంలో కలిపి వెళ్ళారు. చివరికి ఆమెకు మిగిలినవి గంజి, ఉప్పు. మా డాక్టరుగారు ఆ జాబితా అంతా ఓపికగా విని, చీము పట్టేది గాయంలో సూక్ష్మజీవులు చేరితేనని, దానికీ పప్పుకూ సంబంధం లేదని, చిగురు మళ్ళీ పూడుకోవడానికి మాంసకృత్తులు తప్పనిసరిగా కావాలని, పైగా షుగరు ఉన్నవారికి ఉత్త బియ్యపు జావ అన్నిటికంటే చెడ్డ పథ్యమని మా అత్తగారికే నేరుగా చెప్పారు. నేను చెప్పి ఉంటే వినేవారు కాదు.

మేము పెట్టినవి ఇవి. పెసరపప్పును మెత్తగా ఉడికించి, బాగా మెదిపి, పలుచగా కట్టులాగా చేసి, అందులో కొంచెం నెయ్యి, ఉప్పు వేసి గోరువెచ్చగా ఇచ్చాము. మెత్తగా వండిన అన్నం కొద్దిగా, పెరుగు ఎక్కువగా కలిపి, మిరపకాయ లేకుండా పెట్టాము. ఇడ్లీని పాలలోనో, కారం లేని పప్పునీళ్ళలోనో నానబెట్టి చిదిమి ఇచ్చాము. గుడ్డును పాలతో గిలకొట్టి సన్నని సెగ మీద మెత్తగా వండితే నమలవలసిన పని ఉండదు. రాగిజావ మంచిదే, కానీ పొయ్యి మీది నుంచి దించిన వెంటనే ఇవ్వకూడదు. వేడి తగిలితే రక్తం మళ్ళీ చెమర్చే అవకాశం ఉన్నది.

వంట చేసేవారు సాధారణంగా మరిచిపోయేది పోపు. ఆవాలు, జీలకర్ర, గసగసాలు, టమాటా గింజలు కుట్ల సందుల్లో ఇరుక్కుంటే బయటికి రావు. పుల్లతోనో, నాలుకతోనో తీయబోతే కుట్టు కదులుతుంది. అందుచేత మొదటి పది రోజులు పోపు పెట్టడమే మానివేశాము. చేప తినకూడనిదేమీ కాదు, కానీ మన నెల్లూరు పులుసులోని చింతపండు, కారం, మామిడికాయ పులుపు పచ్చి గాయానికి మంట పుట్టిస్తాయి, సన్నముళ్ళ భయం వేరే ఉన్నది. కొర్రమీను ముక్కను ముల్లు లేకుండా విడదీసి, చప్పగా ఉడికించి పెట్టవచ్చు. పులుసు, కారం దోశె చిగురు మానేదాకా ఆగవలసిందే.

మా వైపు నీళ్ళ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు కనుక ఒక మాట. మన దేశంలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బు) గురించి మొట్టమొదట వైద్య పత్రికకు ఎక్కినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. గారపళ్ళ వాళ్ళకు ఇంప్లాంటు నిలబడదని మా ఊళ్ళో ఒక ప్రచారం ఉన్నది. ఆ పసుపు, గోధుమరంగు మచ్చలు చిన్నతనంలో పళ్ళు తయారయ్యేటప్పుడు పైపొరకు వచ్చినవని, మచ్చలను బట్టి ఇంప్లాంటు వద్దనరని, స్కానులో ఎముక మందం, గట్టితనం చూసుకుని నిర్ణయిస్తారని మా డాక్టరుగారు చెప్పారు. మా అత్తగారివీ గారపళ్ళే.

సమాధానం: సింహపురి దంతవైద్యుడు

మీరు చివర చిన్న విషయమని రాసినదానికే ముందుగా సమాధానం చెబుతాను. మీరు అడిగిన వాటన్నిటిలోనూ వచ్చే వారం దాకా ఆగకూడనిది అదొక్కటే.

కింది దవడ ఎముక లోపల ఒక సన్నని కాలువలో నరం వెళుతుంది. అది చిన్న దవడపళ్ళ వేళ్ళ దగ్గర ఎముకలోని రంధ్రం గుండా బయటికి వచ్చి, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. ఆ పక్క మొత్తానికి మత్తు ఇచ్చినప్పుడు పెదవి మూడు నుంచి ఐదు గంటలు, ఒక్కొక్కసారి మరికొంతసేపు మొద్దుబారి ఉంటుంది. కానీ మరునాటికి కూడా స్పర్శ రాలేదంటే అది మత్తు కాదని భావించి వైద్యునికి తెలియజేయాలి. లోపలి వాపు నరాన్ని నొక్కుతుండవచ్చు, అట్లా అయితే క్రమంగా తగ్గుతుంది. లేదా ఇంప్లాంటు కొన కాలువకు మరీ దగ్గరగా దిగి ఉండవచ్చు, అప్పుడు దాన్ని కొంత వెనక్కి తిప్పడమో, తీసివేయడమో చేయవలసి వస్తుంది. ఆ పని మొదటి ఒకటి రెండు రోజుల్లో జరిగితే నరం కోలుకునే అవకాశం ఎక్కువ, ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతుంది. రెండింటిలో ఏదో ఇక్కడి నుంచి నేను చెప్పలేను, స్కాను చూసి చెప్పవలసినదే. అందుచేత ఈ రోజే, ఇది చదివిన వెంటనే, ఆపరేషను చేసిన వారికి ఫోను చేసి, పెదవికి స్పర్శ లేదని స్పష్టంగా చెప్పండి. నొప్పిగా ఉన్నదని మాత్రమే చెబితే మాత్ర మార్చి ఊరుకునే ప్రమాదం ఉన్నది.

వెళ్ళేలోగా ఇంట్లో ఒక పరీక్ష చేయండి. అమ్మగారిని కళ్ళు మూసుకోమని, దూదిని సన్నగా ఒత్తిలా చేసి, కుడి వైపు గడ్డం నుంచి ఎడమ వైపుకు మెల్లగా తాకిస్తూ రండి. ఎక్కడి నుంచి తెలియడం లేదంటారో అక్కడ బాల్‌పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. పెదవి మీద, పెదవి కింద, గడ్డం అంచున అట్లా చుక్కలు పెట్టి ఫోటో తీసి, తేదీ, సమయం రాసి ఉంచండి. రేపు మళ్ళీ చేస్తే ఆ హద్దు తగ్గినదీ లేనిదీ తెలుస్తుంది. వైద్యునికి కూడా అది మాటల కంటే ఎక్కువ పనికివస్తుంది. స్పర్శ లేని పెదవితో వేడి కాఫీ తాగితే కాలినా తెలియదు, పంటి కింద పడినా తెలియదు, కనుక ఆ రెండు విషయాల్లో జాగ్రత్తగా ఉండండి.

ఇక వాపు సంగతి. ఇంప్లాంటు వేసిన తరువాత వాపు రెండో రోజు, మూడో రోజు పతాకస్థాయికి చేరి, నాలుగో రోజు నుంచి దిగడం సహజం. నీలం మచ్చ పసుపుగా మారుతూ మెడ మీదికి జారవచ్చు, పెద్దవయసు వారిలో మరీనూ. పది రోజుల్లో పోతుంది. ఐసు మొదటి రెండు రోజులకే పనికివస్తుంది. ఇప్పుడు బయటి నుంచి గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. ఉమ్మిలో ఎర్రటి చార ఉన్నంత మాత్రాన కంగారు లేదు. గడ్డకట్టిన రక్తం నోరంతా నిండుతూ, శుభ్రమైన గాజుగుడ్డను మడిచి అరగంట సేపు గట్టిగా కొరికిపట్టినా ఆగకపోతే మాత్రం ఫోను చేయాలి. నాలుగో రోజు తరువాత వాపు తగ్గకుండా పెరగడం, జ్వరం, చీము, నోరు తెరవలేకపోవడం వచ్చినా ఆగకూడదు. మింగడం కష్టమైనా, నాలుక కింద వాచినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా రాత్రి పగలు చూడకుండా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

షుగరు 260కి చేరడానికి జావ ఒక్కటే కారణం కాకపోవచ్చు. వాపు తగ్గడానికి చాలామందికి డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడు ఇస్తారు, అది ఒకటి రెండు రోజులు షుగరును పెంచుతుంది. చీటీలో ఆ పేరు ఉన్నదేమో చూసి, షుగరు డాక్టరుకు కూడా ఒక మాట చెప్పండి. మీ అంతట మీరు మాత్ర పెంచవద్దు. దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉన్నది. సరిగా తినకుండా గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్ర అలవాటుగా వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, తికమక వస్తాయి. అప్పుడు చక్కెర నీళ్ళు తాగించాలి, చాక్లెట్టు నమలమనకూడదు. యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ వాడండి. గుండెకు ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడేవారు ఇంట్లో ఉంటే, పంటి వైద్యం పేరుతో వాటిని సొంతంగా ఆపకూడదని కూడా ఈ సందర్భంగా చెబుతున్నాను.

నోటి శుభ్రతలో మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటున్నది. పొద్దున్నే నాలుకబద్దతో గీకి, గొంతులోంచి కాండ్రించి ఉమ్మడం మనకు అలవాటు. ఆ విసురుకే గాయం మీద కట్టిన రక్తపు గడ్డ ఊడివస్తుంది. స్ట్రాతో పీల్చి తాగినా అంతే. కాచి చల్లార్చిన గ్లాసెడు నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా బేసిన్లోకి దానంతట అదే జారేటట్టు వదలాలి. భోజనం చేసిన ప్రతిసారీ ఇట్లా చేయాలి. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం ఇచ్చి ఉంటే బ్రష్ చేసుకున్న తరువాత అరగంట ఆగి వాడాలి. పళ్ళ మీద గోధుమరంగు పడినా, నాలుకకు రుచి తెలియకపోయినా భయం లేదు. మిగతా పళ్ళను మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. పళ్ళపొడి, వేపపుల్ల, లవంగ నూనె, పసుపు ఏవీ గాయం దగ్గరికి రానీయవద్దు.

సమాధానం: ఒంగోలు మాస్టారు

డాక్టరుగారు చెప్పిన తరువాత చెప్పవలసినది పెద్దగా లేదు కానీ, పథ్యాన్ని పూర్తిగా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. మన పెద్దల పథ్యంలో పప్పు, పెరుగు వద్దనడం తప్పే. కానీ పచ్చడి, ఊరగాయ, పులుపు, కారం, వేపుడు, గట్టి పదార్థం వద్దనడం నోటి గాయానికి అక్షరాలా సరిపోతుంది. మీ అవ్వగారితో వాదించే బదులు, ఆమె చెప్పిన వాటిలో సగం పాటిస్తున్నామని చూపించి, పప్పు, పెరుగు డాక్టరు ఆజ్ఞ అని చెప్పండి. ఇల్లు కూడా ప్రశాంతంగా ఉంటుంది.

నాది పైదవడ. దవడ పైన, ముక్కు పక్కన గాలి ఉండే సైనసు గది అడుగున ఎముక పలుచగా ఉన్నదని, దాన్ని కొంచెం ఎత్తి ఎముక పొడి నింపి ఇంప్లాంటు వేశారు. ఇట్లా చేయించుకున్నవారు రెండు వారాల పాటు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నేను రోజూ చేసే కపాలభాతి కూడా ముక్కు గుండా విసురుగా గాలి వదిలేదే కనుక, అడగగానే మా డాక్టరు వెంటనే ఆపించారు. ఆసనాలు, ప్రాణాయామం అలవాటున్న వారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఇసుక రేణువుల వంటివి రెండు మూడు నోట్లోకి వచ్చినప్పుడు ఇంప్లాంటే పగిలిందని మా ఇంట్లో హడావుడి పడ్డారు. అవి నింపిన ఎముక పొడిలో పైన మిగిలినవట. కొద్దిగా రావడం మామూలేనన్నారు.

కావలి పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారి సమాధానం చదివిన వెంటనే ఫోను చేశాము, ఆ సాయంత్రమే రమ్మన్నారు. స్కాను తీసి, ఇంప్లాంటు కొనకూ నరం కాలువకూ మధ్య ఎడం ఉన్నదని, లోపలి వాపు నొక్కడం వల్లనే తిమ్మిరి వచ్చి ఉండవచ్చునని చెప్పి, మందు రాసి, మూడు రోజులకు ఒకసారి చూపించమన్నారు. పెన్ను చుక్కల ఫోటో చూసి, ఇట్లా ఎవరు చెప్పారని అడిగారు. ఇప్పుడు హద్దు గడ్డం మీది నుంచి పెదవి మూల దాకా వెనక్కి వచ్చింది, అక్కడక్కడ చీమలు పాకినట్టు ఉన్నదని అమ్మ అంటున్నది. పప్పుకట్టు, పెరుగన్నం మొదలుపెట్టాక షుగరు కూడా దిగింది. స్టెరాయిడు చీటీలో ఉన్నమాట నిజమే, అది రెండు రోజులకే ఇచ్చినది.

మిగిలిన సందేహాలు రెండు. కుట్లు విప్పిన తరువాత నొప్పి లేకపోతే ఆ వైపు నమలవచ్చునా? మా తమ్ముడు చెన్నైలో ఉంటాడు, అమ్మ కొన్ని నెలలు అక్కడికి వెళ్ళాలనుకుంటున్నది. ఇంప్లాంటు మీద బిగించే పై పన్ను అక్కడ పెట్టించుకోవచ్చునా?

సమాధానం: సింహపురి దంతవైద్యుడు

చీమలు పాకినట్టు ఉండడం నరం మేలుకుంటున్నదనడానికి మంచి సూచన. పూర్తి స్పర్శ రావడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టవచ్చు. చుక్కలు పెట్టి ఫోటో తీయడం వారానికి ఒకసారి కొనసాగించండి.

నమలడం గురించి చాలామంది పొరపడేది ఇక్కడే. చిగురు పది పదిహేను రోజుల్లో పూడుకుంటుంది, నొప్పి అంతకంటే ముందే పోతుంది, కానీ ఎముక పని అప్పుడే మొదలవుతుంది. వేసిన రోజున ఇంప్లాంటు గట్టిగా ఉండేది మర ఎముకను కొరికి పట్టుకోవడం వల్ల. తరువాతి వారాల్లో ఆ అంచున ఉన్న పాత ఎముక కొంత కరిగి, కొత్త ఎముక పుట్టి టైటానియం మీదికి అల్లుకుంటుంది. పాతది సడలి కొత్తది ఇంకా బలపడని సమయం సుమారు మూడు, నాలుగు వారాల దగ్గర వస్తుంది. అంటే రోగి అంతా బాగున్నదని ధీమాగా గట్టి వస్తువు కొరికే రోజుల్లోనే ఇంప్లాంటు అన్నిటికంటే బలహీనంగా ఉంటుందన్నమాట. టైటానియాన్ని ఎముక ఇట్లా తనలో కలుపుకుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ కాలి ఎముకల మీద పరిశోధన చేస్తూ గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో అమర్చారు. ఎముక అట్లా అల్లుకునేదాకా ఎదురుచూడడం నేటికీ పూర్తిగా తప్పలేదు. సాధారణంగా కింది దవడకు మూడు నాలుగు నెలలు, పైదవడకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా ఆ వైపు జంతికలు, వేరుశనగపప్పు, చెరకు, ఎముక ముక్కలు వద్దు. ఇంప్లాంటు పైన చిగురు బయటికి చిన్న లోహపు గుండీలాగా కనబడుతుంటే, దాన్ని మెత్తని బ్రష్‌తో రోజూ తుడవాలి. వదులైతే వేలితో బిగించకుండా, ఊడితే పారేయకుండా, తెచ్చి చూపించాలి.

ఆకు, వక్క గురించి ఇంతకుముందు చెప్పలేదు. సున్నం పచ్చి గాయాన్ని కాలుస్తుంది. వక్క గట్టిగా ఉండి ఇంప్లాంటును కదిలిస్తుంది, పొగాకు కలిస్తే రక్తప్రసరణ తగ్గి ఎముక సరిగా కూడదు. వక్క ఒక్కటే అయినా నోటి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చింది కనుక, ఎప్పుడు మొదలుపెట్టవచ్చునని అడిగితే అసలే వద్దని నా సలహా. ఈ నాలుగు నెలల విరామమే మానడానికి తగిన అదను.

చెన్నైలో పై పన్ను పెట్టించుకోవచ్చు, కానీ ఊరు కదిలే ముందు ఒక పని చేయాలి. ఇంప్లాంటు పెట్టె మీద కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, బ్యాచి సంఖ్య ఉన్న చిన్న చీటీలు అతికించి ఉంటాయి. వాటిని కార్డు మీద అంటించి ఇమ్మని మీ వైద్యశాలలో అడగండి. ఒక కంపెనీ మరకు ఇంకొక కంపెనీ బిగింపు సరిపోదు. చీటీ లేకుండా వెళితే అక్కడి వైద్యుడు ఎక్స్‌రే చూసి ఏ కంపెనీదో ఊహించవలసి వస్తుంది. మీకు వేసినవి రెండు కనుక చీటీలు కూడా రెండు ఉండాలి. కార్డుతో పాటు స్కాను సీడీని కూడా తీసుకుని, రెండింటినీ ఫోనులో ఫోటో తీసి తమ్ముడికి పంపి ఉంచండి.